మా అప్ప విన్న నవల

టెక్కలిలో ఆఫీసుల వీధి చివర నాకొక చిన్న కొట్టు ఉంది. జిరాక్సులు తీస్తాను, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తాను, ఎక్కువగా అర్జీలు టైపు చేస్తాను. పింఛను ఆగిపోయినవాళ్లు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడినవాళ్లు, గట్టు తగాదాలవాళ్లు వచ్చి స్టూలు మీద కూర్చుని తమ కష్టం చెబుతారు. వాళ్లు ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పిందాన్ని నేను ఒక వరసలో పెడతాను. ఏళ్ల తరబడి అదే పని. తెలుగు టైపు నా వేళ్లకి ఎంత అలవాటయిందంటే తెర చూడకుండానే కొట్టగలను.

మధ్యాహ్నం ఆఫీసుల్లో భోజనాల వేళ ఎవరూ రారు. ఖాళీగా కూర్చోలేక ఆ సమయంలో ఒక నవల మొదలుపెట్టాను. ఫోన్లో కథలు చదివించే యాప్ ఒకటి ఉంది. అందులో కలం పేరుతో రోజుకొక భాగం పెట్టేదాన్ని. ఉద్దానంలో రెండు కుటుంబాలు, మధ్యలో ఒక జీడితోట గట్టు మీద తగాదా. ఆ ఇంటి కొడుకు పొగరుబోతు. ఈ ఇంటి కూతురు రోషం గలది. మొదట ఒకరంటే ఒకరికి పడదు, మాటామాటా అనుకుంటారు, చివరికి ప్రేమించుకుంటారు. అలాంటి కథలంటే ఆ యాప్‌లో చదివేవాళ్లు ప్రాణం పెడతారని నాకు తెలుసు. తెలిసే రాశాను.

మొదటి భాగంలోనే కాలేజీకి వెళ్తున్న అమ్మాయి స్కూటీకి అబ్బాయి అడ్డం నిలబడతాడు. ముందు చక్రం మీద కాలు పెట్టి, "మా గట్టు మీంచి పోవాలంటే మాకు దండం పెట్టి పోవాలి" అంటాడు. అమ్మాయి చేతిలో ఉన్న టిఫిన్ బాక్సుతో అతని భుజం మీద ఒక్కటిస్తుంది. అతను భుజం తడుముకుంటూ నవ్వుతాడు. రెండో రోజు టైర్లలో గాలి తీసేస్తాడు. ఆమె ఎండలో బండి తోసుకుంటూ పోతుంటే చూడలేక, తనే వచ్చి రోడ్డు దాకా తోసిపెడతాడు. అక్కడ మొదటిసారి ఇద్దరి కళ్లూ కలుస్తాయి. అతని కళ్ల గురించి ఒక పేరా మొత్తం రాశాను.

పాఠకులు ఆ పేరాకి పడిపోయారు. "గాలి తీసింది టైర్లో కాదండీ, నా గుండెలో" అని ఒకావిడ రాసింది. "ఎంత పొగరో అంత ప్రేమ. ఇలాంటోడు ఒక్కడు దొరికితే చాలు" అని ఇంకొకరు. దండం పెట్టి పోవాలన్న మాట అందరికీ తెగ నచ్చేసింది. కామెంట్లలో ఒకరికొకరు ఆ మాటే అనుకుని నవ్వుకునేవాళ్లు. ఎక్కడో ఒక పాఠకురాలు మాత్రం, "దారి కాసి ఏడిపించేవాణ్ణి ప్రేమికుడంటారా? నేనైతే పోలీసు రిపోర్టు ఇస్తాను" అని రాసింది. మిగతావాళ్లంతా ఆమె మీద పడ్డారు. కథని కథలా చదవడం రాదా అన్నారు. నచ్చకపోతే చదవడం మానెయ్యమన్నారు. నేను మొదట ఆమెకి జవాబు రాయబోయాను. ఏం రాయాలో తోచక, మిగతావాళ్లు రాసిందానికి లైకు కొట్టి ఊరుకున్నాను.

ఎందుకంటే ఆ సంగతి నా ఊహలోంచి పుట్టింది కాదు. అది మా అప్పకి జరిగింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకన్నా నాలుగేళ్లు పెద్దది. మా ఊరు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర. అప్ప టెక్కలిలో ఇంటర్ చదివే రోజుల్లో, ఊరి నుంచి హైవే దాకా సైకిల్ తొక్కి, అక్కడ సైకిల్ పెట్టి బస్సెక్కేది. నేను ఎనిమిదో తరగతి. మా హైస్కూలు హైవే పక్కనే కాబట్టి వెనక కేరియర్ మీద కూర్చుని వెళ్లేదాన్ని. దారి జీడితోటల మధ్యనుంచి. మా తోటకీ పక్క ఊరివాళ్ల తోటకీ గట్టు తగాదా అప్పటికే పంచాయితీల దాకా వెళ్లింది. ఆ ఇంటబ్బాయి మా సైకిల్‌కి అడ్డం నిలబడేవాడు. దండం మాట అతనిదే, అక్షరం మార్చకుండా వాడుకున్నాను. గాలి తీసిందీ నిజమే. సైకిల్‌ని స్కూటీ చేశాను. మిగతాది నాకు కావలసినట్టు మలుచుకున్నాను.

ఆ ఏడాది అప్ప చదువు మధ్యలో ఆగిపోయింది. పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా నాన్న సైకిల్ తీసుకుని, ఇక కాలేజీకి వెళ్లక్కర్లేదన్నాడు. నాలుగేళ్లకి ఇచ్ఛాపురం దగ్గరి సంబంధం వచ్చింది. బావ నెమ్మదైన మనిషి. వాళ్లింట్లో అత్తగారు ఒడియా, మామగారు తెలుగు మాట్లాడతారు. అప్ప ఒడియా కూడా నేర్చుకుంది. ఆమె బతుకు చెడిపోయిందని ఎవరూ అనరు. అందుకేనేమో, దాన్ని తీసుకుని కథ అల్లడానికి నాకు అడ్డేమీ కనిపించలేదు.

అప్ప చదువుతుందని అనుకోలేదు. ఆమెకి ఫోన్లో కథలు చదివే అలవాటు లేదు. కానీ ఆమె కూతురుంది. డిగ్రీ మొదటి ఏడు. నవల రాస్తున్నానని దానికొక్కదానికే చెప్పాను, పొగుడుతుందన్న ఆశతో. అది రోజూ ఫోన్ చేసేది.

"పిన్నీ, రేపటి భాగం ఇప్పుడే పంపించెయ్యవా? ఆ హీరో మా కాలేజీలో ఉంటేనా..."

"ఉంటే ఏం చేస్తావే?"

"నేనే వెళ్లి బండి అడ్డం పెడతాను" అని పకపకా నవ్వేది.

ఒకరోజు అది మామూలుగా చెప్పింది, అమ్మకి కూడా చదివి వినిపించానని. అప్ప వంటింట్లో రొయ్యపొట్టు చెరుగుతోందట. ఇది గడప మీద కూర్చుని మొదటి భాగం నుంచీ గట్టిగా చదివిందట.

"ఏమంది?" అని అడిగాను.

"ఏమీ అనలేదు పిన్నీ. గాలి తీసే దగ్గరికొచ్చేసరికి ఇంకోసారి చదవమంది. చదివాను. తర్వాత చేట పట్టుకుని పెరట్లోకి పోయింది. బాగుందా అమ్మా అంటే, మీ పిన్నికి జ్ఞాపకశక్తి బాగా ఉన్నాది అంది. అదేంటో!"

ఆ వారం అప్పకి నేను ఫోన్ చెయ్యలేదు. ఆమే చేస్తుందని రోజూ ఎదురుచూశాను, చెయ్యకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. నవల మాత్రం ఆపలేదు. ఆ వారంలోనే హీరో ఆమె కోసం వానలో తడిసే భాగం పెట్టాను. ఎప్పుడూ రానన్ని కామెంట్లు వచ్చాయి. ఒక్కటీ మనసుకి ఎక్కలేదు.

పదిరోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం అప్ప కొట్టుకి వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి పలాస, పలాస నుంచి టెక్కలి, రెండు బస్సులు మారి వచ్చింది. వస్తున్నట్టు చెప్పలేదు. చెమటతో మొహమంతా తడిసి ఉంది. నీళ్లిస్తే తాగింది. ఇంటికి పోదాం, భోంచేద్దువుగాని అంటే వద్దంది. అర్జీలవాళ్లు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక కాగితం టైపు సెయ్యాల" అంది.

"దేని గురించి అప్పా?"

"నాను సెప్తాను, నువ్వు కొట్టు. నీ మాటలు మాత్రం కలపకు."

కంప్యూటర్లో కొత్త కాగితం తెరిచాను. ఎవరికి రాయాలి, పైన ఎవరి పేరు పెట్టాలి అని అలవాటుగా అడిగాను. ఎవరి పేరూ వద్దంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నాను ఇంటర్ రెండో ఏడు సదువుతున్నాను. సైకిలు మీద ఎల్తన్నాను. ఎనక మా సెల్లి ఉన్నాది. రాసినావా?"

"రాశాను."

"ఆడు అడ్డొచ్చినాడు. సక్రం మీద కాలేసినాడు. నాను ఆడి మొకం సూడనేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ సూడనేదు. తల వొంచుకునే ఉన్నాను. నాకు కనిపించింది ఆడి కాలు. నీలం రబ్బరు సెప్పు. బొటనేలు గోరు పగిలి ఉన్నాది." ఆగి నా వైపు చూసింది. "ఒలే, అంతంత పెద్ద కళ్లు రాసినావు. తేనె రంగట. ఆ కళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చినావే?"

నేను తల ఎత్తలేదు. "అది కథ కదా అప్పా" అన్నాను.

"కథే. కాదన్నానేటి? కొట్టు."

చెప్పింది. టిఫిన్ బాక్సుతో కొట్టలేదు. మా సెల్లిని పోనీండి, దానికి బడికి టైమవుతాది అని బతిమాలింది. అండీ అని పిలిచింది, ఆ అండీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుందంది. గాలి తీసిన రోజు సైకిలు తోసుకుంటూ వెళ్లింది మేమిద్దరమే. అతను వెనకాల మోటారు సైకిల్ నెమ్మదిగా నడుపుతూ, హారను కొడుతూ హైవే దాకా వచ్చాడు. ఆ తర్వాత అతన్ని తప్పించుకోవడానికి అప్ప కొన్నాళ్లు దారి మార్చింది. నన్ను బడికి వేరే పిల్లలతో పంపించి, తను సముద్రం వైపు సరుగుడు తోటల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లేది. ఇసకలో సైకిల్ దిగబడితే ఎత్తుకుని నడిచేది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. వేరే పిల్లలతో పొమ్మంటే నామీద విసుగనుకున్నాను, అలిగాను కూడా.

"ఒకరోజు ఆ తోటలోకీ వొచ్చినాడు" అంది. "సెయ్యి పట్టుకోనేదు. ఏటీ సెయ్యనేదు. నా పుస్తకాల సంచి లాక్కుని, ఒక్కో పుస్తకం తీసి ఇసకలో పరిసినాడు. ఏరుకోమన్నాడు. నాను వొంగి ఏరుకున్నాను. ఆడు అలగ సూత్తా నిలబడ్డాడు. అంతే జరిగింది. అంతేనని ఎవరికీ సెప్పుకోనేదు. ఏటని సెప్తాను? పుస్తకాలు కింద పెట్టినాడని సెప్తానా?"

టైపు చేస్తూనే ఉన్నాను. వీధిలో ఎవరో వచ్చి జిరాక్సు కావాలంటే, కాసేపాగి రమ్మన్నాను. అప్ప అప్పుడే చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు.

"ఆ తరువాత నాన్న సైకిలు లాక్కున్నాడు. ఎవడు సెప్పినాడో తెల్దు. ఆ ఎదవే పోయి సెప్పుకుని ఉంటాడు, మీ అమ్మాయి నాతో మాటాడతన్నాది అని. గట్టు కాడ ఓడిపోయినాడు కదా, ఇక్కడ గెలిసినాడు. నాన్న ఆడి మాట నమ్మినాడు. నన్ను అడగనేదు. అది కూడా కొట్టు. నన్ను ఒక్క మాట అడగనేదు."

నా వేళ్లు ఆగిపోయాయి. అర్జీ చెప్పేవాళ్లు ఏడ్చినా, తిట్టినా ఆగని వేళ్లు. అప్ప చూసి, "ఏటి, తెలుగు మర్సిపోయినావా?" అంది. ఆ వాక్యం కొట్టాను.

ఒకటిన్నర పేజీ వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. అప్ప వేలు పెట్టి వరస వరసా చదువుకుంది. రెండు చోట్ల తప్పులుంటే దిద్దించింది. సంతకం ఎక్కడా పెట్టలేదు.

"ఇది ఎవరికిస్తావు?" అన్నాను.

"ఎవరికీ ఇవ్వను. నీ కథ ఇన్న కాణ్ణుంచి, ఏది జరిగిందో ఏది నువ్వు రాసినావో నాకే కలిసిపోతన్నాది. మొన్న కలలో ఆడికి కళ్లు వొచ్చేసినాయి. ఉన్నది ఉన్నట్టు ఒకసారి కాగితమ్మీద సూసుకోవాలనిపించింది."

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. నేను బతిమాలితే వీధి చివర హోటల్లో రెండిడ్లీలు తింది. నన్ను తిట్టలేదు. నవల ఆపమనలేదు. బస్సెక్కించి వచ్చాక కొట్టులో కూర్చుని ఆ ఫైలు తీసేద్దామని చూశాను. చెయ్యి రాలేదు.

అప్పటికి ఆమెకి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. నాన్నకి చెప్పింది అతను కాదు. నేను.

గాలి తీసిన రోజు నాకు బడికి ఆలస్యమయింది. మాస్టారు నన్ను ఎండలో నిలబెట్టి, ఇంటి నుంచి సంతకం తెమ్మన్నారు. సాయంత్రం నాన్న కల్లంలో ఉన్నాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. దెబ్బలు పడతాయని భయం. అదీకాక, ఆ రోజు దారంతా అప్ప నన్ను విసుక్కుందని లోపల కోపం ఉంది. "అప్ప ఆ అబ్బాయితో మాటాడతంటే లేటయిపోయింది" అన్నాను. అంతే. అబద్ధం కూడా కాదు. ఆ రోజూ అప్ప అతన్ని బతిమాలింది, బతిమాలడం కూడా మాట్లాడటమే కదా. నాన్న నా కాగితం మీద సంతకం పెట్టాడు. నన్ను కొట్టలేదు. సైకిల్ ఆ రోజు తీసుకోలేదు. కొన్నాళ్లు గమనించినట్టున్నాడు. అప్ప సరుగుడు తోటల వైపు వెళ్తోందని తెలిసేసరికి ఆయనకి నా మాట రూఢి అయిపోయింది. ఆమె తప్పించుకోవడానికి వెళ్లిన దారే ఆమె మీద సాక్ష్యమైంది. ఇదంతా నేను ఇప్పుడు, ఆమె చెప్పింది టైపు చేశాక, జత చేసుకుని తెలుసుకున్నాను. అప్పట్లో నాకు తెలిసింది ఒక్కటే, నేనన్న మాట వల్ల ఏదో అయింది. ఆ సంగతి తలుచుకోకుండా ఉండటం నేర్చుకున్నాను. చివరికి అతన్ని మంచివాణ్ణి చేసి, తేనె రంగు కళ్లు పెట్టి, వాళ్లిద్దరికీ పెళ్లి చేసే నవల రాశాను. అతను నిజంగా ప్రేమికుడే అయితే నేనన్న మాటలో తప్పేమీ ఉండదు కదా. రాసేటప్పుడు ఇలా అనుకోలేదు. కానీ ఇదే అయి ఉంటుంది.

ఇదంతా అప్పకి చెప్పే ధైర్యం లేక ఇంకో పని చేశాను. నవల ముగింపు మార్చేశాను. పెళ్లి చూపుల దాకా వచ్చిన కథలో, అమ్మాయి అందరి ముందూ లేచి, "దారి కాసినవాడితో నేను దారి నడవను" అని చెప్పి చదువుకోవడానికి వెళ్లిపోతుంది. రాసి, యాప్‌లో పెట్టి, అప్పకి న్యాయం చేశానని కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

పాఠకులు నన్ను వదల్లేదు. "ఇన్ని రోజులు మా చేత ప్రేమించించి ఇప్పుడు ఇలా చేస్తారా?" "హీరో ఏం తప్పు చేశాడండీ, మారాడు కదా?" "రచయిత్రికి ఇంట్లో ఏదో గొడవైనట్టుంది, మా మీద తీర్చుకుంది." ఒకావిడ తను జ్వరంలో ఉండి కూడా రోజూ చదివానని, నేను మోసం చేశానని రాసింది. ఆ కామెంటు నన్ను నిజంగానే బాధపెట్టింది. ఆమె తప్పేముంది? ఆ కళ్లు చూపించింది నేనే. మొదట్లో పోలీసు రిపోర్టు ఇస్తానన్న పాఠకురాలు మళ్లీ వచ్చి, "ఇప్పుడు బాగుంది, కానీ మొదటి భాగాలకి ఇది అతకలేదు" అని రాసింది. అందరికన్నా సరిగ్గా చదివింది ఆమే.

అప్ప కూతురు ఫోన్ చేసి గట్టిగా అరిచింది. "నాశనం చేసేశావు పిన్నీ! నా ఫ్రెండ్సందరికీ చదవమని చెప్పాను." అది అరుస్తుండగానే వెనక నుంచి అప్ప గొంతు, ఫోన్ ఇలాగియ్యి అంది.

"నా మీద జాలిపడి మార్సినావా?" అని అడిగింది.

"జాలి కాదప్పా. అలాగే ఉండాలనిపించింది."

"ఆ పిల్ల అందరి ముందూ లేసి అనేసింది. సదువుకోడానికి ఎల్లిపోయింది. బాగున్నాది. కానీ అది నాను కాదు కదే. నాను లెగనేదు, అననేదు. మొదట రాసిన దాంట్లో నాను ఆడిని ప్రేమించేసినాను. ఇప్పుడు రాసిన దాంట్లో గెలిసేసినాను. రెండిట్లోనూ నాను లేను." వెనక బావ గొంతు వినిపించింది. "పోనీలే. నీకు నచ్చినట్టు రాసుకో. మీ బావ పిలుత్తన్నాడు" అని పెట్టేసింది.

ఆ ఆదివారం కొట్టు తెరవలేదు. పొద్దున్నే బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్లాను. దారంతా ఎలా చెప్పాలో వరస పెట్టుకున్నాను. అర్జీలు రాసే మనిషిని, ఒక మాటకి వరస కుదరలేదు.

అప్ప పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కూతురు ట్యూషన్‌కి పోయిందట. అత్తగారు వసారాలో కూర్చుని నన్ను ఒడియాలో కుశలం అడిగింది. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో జవాబిచ్చి పెరట్లోకి వెళ్లాను. అప్ప బకెట్లోంచి దుప్పటి తీసి ఒక కొస నాకందించింది. ఇద్దరం పిండుతున్నాం. అలా పిండుతుండగానే చెప్పేశాను.

"నాన్నకి చెప్పింది అతను కాదప్పా. నేను. బడికి లేటయిందని కొడతాడని భయమేసి, నువ్వు అతనితో మాట్లాడుతున్నావని చెప్పాను."

అప్పకి మొదట అర్థం కాలేదు. "ఏ మాట? ఎప్పుడు?" అంది. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. దుప్పటి ఇద్దరి చేతుల మధ్యా మెలితిరిగి అలాగే ఉంది. నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి.

"నాన్న ఆడి మాట నమ్మనేదా?" అంది.

"లేదు. నా మాట నమ్మాడు."

అప్ప తన వైపు కొస వదిలేసింది. దుప్పటి మట్టిలో పడింది. తులసికోట గట్టు మీద కూర్చుంది.

"పగోడి మాట నమ్మి కూతురి మాట అడగనేదని, ఇన్నేళ్లూ నాన్న మీద పెట్టుకున్నానే" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "పలాస ఆస్పత్రిలో ఆయనకి రక్తం సుద్ది సేయించినప్పుడు నా వొంతుకి నాను వొచ్చినాను కదా. ఒక్క రోజు లోపలికొచ్చి కూసోనేదు. బయట బల్ల మీద కూసున్నాను. సూదులు సూడలేనని మీరనుకున్నారు. నాను కావాలనే కూసున్నాను. ఆయన అడిగినాడంట, పెద్దది లోపలికి రాదేటని. అమ్మ సెప్పింది. అయినా ఎల్లనేదు."

ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో లాగే మా నాన్న కూడా కిడ్నీల జబ్బుతోనే పోయాడు. చివరి రెండేళ్లూ డయాలసిస్‌కి వంతులు వేసుకుని తీసుకెళ్లాం. అప్ప బయట కూర్చోవడం నేనూ చూశాను. నిజంగానే సూదులంటే భయమనుకున్నాను.

"క్షమించప్పా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది చాలదని తెలుస్తోంది.

"నీకప్పుడు ఎన్నేళ్లు?"

"పదమూడు."

"పదమూడేళ్ల గుంటని ఏటంటాను?" అంది. "అప్పటి నిన్ను ఏటీ అనను. కానీ నాన్న మంచాన ఉన్నప్పుడు నీకు ముప్పై దాటినాయి. అప్పుడైనా సెప్పొచ్చు కదే. నాను లోపలికి ఎల్లుందును."

బావ వచ్చి మట్టిలో పడిన దుప్పటి చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా దుప్పటి తీసి మళ్లీ నీళ్లలో వేశాడు. భోజనం పెట్టారు. అప్ప నాకు వడ్డించింది, నా ఎదురుగా కూర్చోలేదు. బస్‌స్టాండు దాకా బావే దింపాడు.

రెండు నెలలు అప్ప ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తి, అందరూ బాగున్నారని చెప్పి పెట్టేసేది. ఈలోగా నవలని యాప్‌లోంచి తీసేద్దామనుకున్నాను. ఆ మాట చెబుదామని ఒకరోజు ఫోన్ చేశాను. ఆ ఒక్క మాటకి మాత్రం ఆమె గట్టిగా బదులిచ్చింది.

"తియ్యకు. తీసేత్తే నీకు సులువైపోద్ది. ఉండనీ. సదివినోళ్లు నిన్ను తిట్టనీ, పొగడనీ. నువ్వు సదువుకుంటా ఉండు."

అందుకే అది ఇంకా అక్కడే ఉంది. కొత్తగా చదివేవాళ్లు మొదటి భాగం దగ్గర ఎర్ర గుండె బొమ్మలు పెడుతూనే ఉన్నారు, చివరి భాగం దగ్గర తిడుతూనే ఉన్నారు. అన్నీ చదువుతాను.

జీడిపిక్కలు ఏరే రోజుల్లో మా అమ్మకి ఒంట్లో బాగుండక, అప్ప కూతుర్ని తీసుకుని ఊరికి వచ్చింది. నేనూ వెళ్లాను. మూడో రోజు పొద్దున అప్ప మమ్మల్నిద్దరినీ తోటకి రమ్మంది. పళ్లు రాలి నేలంతా ఎర్రగా, పచ్చగా ఉంది. పండు మెలిపెట్టి పిక్క విడదీస్తూ, కూతురితో మామూలుగా అంది.

"ఒలే, మీ పిన్ని నవల ముగింపు ఎందుకు మార్సిందో అడుగుతావు కదా. ఇప్పుడు సెప్తాది. ఇను." నా వైపు తిరిగి, "నువ్వే సెప్పు. అన్నీ. నీ సంగతి కూడా" అంది.

చెప్పాను. నీలం చెప్పుల దగ్గర మొదలుపెట్టి, ఇసకలో పరిచిన పుస్తకాలు, కల్లంలో నేనన్న మాట, ఆస్పత్రి బయటి బల్ల, అన్నీ. ఆ పిల్ల పిక్కలు ఏరడం ఆపేసింది. మధ్యలో ఒకసారి వాళ్లమ్మ వైపు చూసింది. అప్ప తల ఎత్తకుండా తన పని తాను చేసుకుంటోంది. ఎక్కడైనా నేను తేలిగ్గా దాటవెయ్యబోతే మాత్రం, "అలగ కాదు" అని సరిదిద్దింది.

అంతా అయ్యాక ఆ పిల్ల నన్ను ఒక్కటే అడిగింది. "పిన్నీ, నేను ఆ హీరో గురించి అన్నన్ని మాటలన్నాను కదా, అమ్మ ముందు. నువ్వెందుకు ఊరుకున్నావు?"

"నువ్వు పొగుడుతుంటే బాగుంది" అన్నాను.

అది మొహం తిప్పుకుని వాళ్లమ్మ పక్కకి వెళ్లి కూర్చుంది. అప్ప తన బుట్ట దాని ముందుకి జరిపింది. ఇద్దరూ కలిసి పిక్కలు విడదీస్తున్నారు. కాసేపటికి అప్ప నా వైపు చూడకుండానే, "ఆ పక్క సెట్టు కింద కూడా రాలున్నాయి, ఏరు" అంది. లేచి వెళ్లాను.